అమ్మాయిని ఎమ్మెల్యే ఆఫీసుకు పంపాలా, పీజీ చేయించాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఐదేళ్ల లా కోర్సు చివరి ఏడాదిలో ఉంది. వచ్చే అసెంబ్లీ సమావేశాల నుంచి ఒక ఎమ్మెల్యే దగ్గర బిల్లులు చదివి నోట్స్ తయారుచేసే పనిలో చేరతానంటోంది. పబ్లిక్ పాలసీలో పీజీ చేయించమని మా బావమరిది అంటున్నాడు. రెండింటిలో ఏది మేలు? రాజకీయ నాయకుల దగ్గర పనిచేస్తే రేపు సంబంధాలకు ఇబ్బంది కాదా?
- ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ చివరి వాక్యమే కదండీ. పేర్లు, ఊళ్లు మారుతాయి గానీ ఈ ఉత్తరం నాకు తరచూ వస్తూనే ఉంటుంది.

ఎమ్మెల్యే ఆఫీసు అనగానే మీకు ఫ్లెక్సీలు, కాన్వాయ్, సిఫార్సు లెటర్ల కోసం నిలబడ్డ జనం గుర్తొస్తున్నారు. అవీ ఉంటాయి. మీ అమ్మాయి చేస్తానంటున్నది మాత్రం కూర్చుని చదివే పని. సభకు వచ్చే వాటిలో సవరణ బిల్లులు చాలా ఉంటాయి. ఫలానా సెక్షన్‌లో ఫలానా మాటలు తీసేయాలని నాలుగు లైన్లుంటాయి. అసలు చట్టం పక్కన లేకపోతే ఒక్క ముక్కా అర్థం కాదు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తీసేసింది. ఏం తీసేశారో తెలియాలంటే 1994 పంచాయతీరాజ్ చట్టంలో 19వ సెక్షన్ తెరవాలి. మున్సిపాలిటీల సంగతి వేరే చట్టంలో ఉంటుంది. ఇదంతా చూసి, సభలోకి వెళ్తూ ఎమ్మెల్యే చదువుకోగలిగేలా ఒక పేజీలో రాసివ్వాలి.

బిల్లు చివర్న ఉద్దేశాలు, కారణాలు అని ఒక ప్రకటన ఉంటుంది. కొత్తవాళ్లు అది చదివి బిల్లు చదివేశాం అనుకుంటారు. క్లాజుల్లో 'నిర్దేశించిన విధంగా' అన్న మాట ఎక్కడెక్కడ వచ్చిందో వెతకాలి. అది ఉన్నచోటల్లా అసలు వివరం రేపు ప్రభుత్వం తయారుచేసే రూల్స్‌కి వదిలేశారన్నమాట. అభ్యంతరం ఉంటే సవరణ రాసి గడువులోగా నోటీసివ్వాలి. సభా నియమాలు కూడా నోటికి రావాలి. 2020 జనవరిలో రాజధాని వికేంద్రీకరణ బిల్లును సెలెక్ట్ కమిటీకి, అంటే బిల్లును లోతుగా పరిశీలించే సభ్యుల బృందానికి, పంపుతున్నట్టు శాసన మండలి ఛైర్మన్ ప్రకటించినప్పుడు, రాష్ట్రమంతా రూల్ నంబర్ల గురించే మాట్లాడుకుంది.

అలాగని ఇదేదో గొప్ప వైభోగం అనుకోకండి. సమావేశాలు ఏడాదిలో కొద్ది వారాలే. బిల్లు కాపీ చేతికొచ్చాక చదివే టైమ్ కూడా తక్కువే. ఇలాగే ఓటేయాలని పార్టీ విప్ (ఆదేశం) ఇచ్చినప్పుడు దాన్ని కాదని ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు కాబట్టి, మీ అమ్మాయి ఎంత బాగా రాసినా ఓటు మారదు. సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లుల గతి ఇంకా అన్యాయం. పార్లమెంటులోనే 1970 తర్వాత అలాంటిది ఒక్కటీ చట్టం కాలేదు. జీతానికి స్కేలు లేదు, ఎమ్మెల్యే ఎంతిస్తే అంతే. ఒక ఏడాది చేయనివ్వండి, మహా అయితే రెండు. ఎంపీల దగ్గరైతే, చట్టసభల పనిని అధ్యయనం చేసే పీఆర్‌ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్ ఉంది, యువతను ఎంపీలకు సహాయకులుగా పెడతారు. వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఉంటుంది, దానికీ అప్లై చేయమనండి.

ఇక మీ బావమరిది గారి పీజీ. ఆ చదువు చెడ్డదని అనను. కానీ ప్రైవేటు యూనివర్సిటీలో లక్షలు పోసి చేరే ముందు, అక్కడ చదివినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారో ఫోన్ చేసి కనుక్కోండి. నా దగ్గరకొచ్చిన పిల్లల్లో కొందరు ఆ పీజీ తర్వాత ఎన్నికల సర్వేలు చేసే కన్సల్టెన్సీల్లో చేరారు. అంటే మీరు భయపడుతున్న రాజకీయాల్లోకే, లోన్ తీసుకుని మరీ వెళ్లారు! ఒక ఏడాది బిల్లులు చదివాక కూడా ఆసక్తి ఉంటే అప్పుడు పీజీ చేయొచ్చు.

సంబంధాల మాటకొస్తే కాస్త గట్టిగానే చెప్తాను. అదే ఎమ్మెల్యే మీ ఇంట్లో పెళ్లికొస్తే పక్కన నిలబడి ఫొటో దిగి హాల్లో పెట్టుకుంటారు. మీ అమ్మాయి ఆయనకు చట్టం వివరిస్తే మాత్రం పరువు తక్కువా? ఐదేళ్లు ఫీజు కట్టింది రాజ్యాంగం చదవమనే కదా? అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. అపాయింట్‌మెంట్ లెటర్ ఇస్తారా, ఎవరి కింద పని, ఆఫీసులో ఇంకో మహిళ ఉన్నారా, సభ రాత్రి దాకా సాగితే వెలగపూడి నుంచి ఎలా తిరిగొస్తుంది? వీటికి సరైన జవాబు రాకపోతే వద్దనండి, నేనూ మీ వైపే ఉంటాను.

ఒక్క జాగ్రత్త. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు లాయరుగా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఎమ్మెల్యే దగ్గర గడిపిన ఏడాదిని ఆ ప్రాక్టీసులో లెక్కేసుకోవద్దు. జడ్జి కావాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పమనండి, ప్లాన్ మారుతుంది. లేకపోతే ఇందులో నష్టమేమీ లేదు. చట్టాన్ని చదివి విడమరిచి రాయగలిగే జూనియర్ దొరికితే ఏ సీనియర్ లాయరూ వదులుకోరు.

ఈలోగా ఏదైనా ఒక సవరణ బిల్లు తీసుకుని ఒక పేజీ రాయమనండి. అది మీరే చదవండి. మీరు లాయరు కాదు కాబట్టి మీకు అర్థమైతే ఎమ్మెల్యేకీ అర్థమవుతుంది. కాకపోతే మళ్లీ రాయమనండి.