ఓడించిన మనిషి ఎదుటికే మళ్ళీ వెళ్ళు

చిరంజీవి మనవరాలికి తాతయ్య దీవెనలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో నాకు రెండు సంగతులు చెప్పింది. పోయిన వారం టెన్నిస్ పోటీలో నువ్వు ఒక్క గేమ్ కూడా గెలవకుండా 0-6, 0-6తో ఓడిపోయావన్నది మొదటిది. వచ్చే నెల పోటీకి ఆ అమ్మాయి కూడా పేరు ఇచ్చిందని తెలిసి, నీ పేరు వెనక్కి తీసుకోవాలని అనుకుంటున్నావన్నది రెండవది. మొదటి సంగతికి నేను పెద్దగా బాధపడలేదు. రెండవది విన్నాక మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు. "పొట్టిదాన్ని, ఇంతకన్నా ఏం చేయగలనని తాతయ్యతో చెప్పు" అని నువ్వు అన్నావట. ఆ మాటకు నేను తప్పక జవాబు చెప్పాలి. ఎందుకంటే ఒకప్పుడు ఆ మాటను ఒక పిల్ల నోట పెట్టినవాణ్ణి నేనే.

ముప్పై ఏళ్ళు పిల్లలకు టెన్నిస్ నేర్పాను కదా, అందులో పదిహేనేళ్ళ అమ్మాయి ఒకతె ఉండేది. కాళ్ళలో మంచి చురుకు, బంతిని ముందుగా పసిగట్టే కన్ను ఉన్న పిల్ల. ఎత్తు తక్కువని, సర్వీసులో బలం రాదని తీర్మానించి, సింగిల్స్ మానుకుని డబుల్స్ చూసుకోమని ఆమెకు నేనే చెప్పాను. ఆమె నా మాట విన్నది. రెండేళ్ళకు ఆటే మానేసింది. 2014 జనవరిలో మెల్‌బోర్న్ నుంచి టీవీలో వచ్చిన ఆస్ట్రేలియన్ ఓపెన్ మ్యాచ్‌లు చూస్తూ ఉన్నప్పుడు ఆ పిల్ల ముఖమే నాకు పదే పదే గుర్తుకు వచ్చింది. కోర్టులో ఉన్నది స్లొవేకియాకు చెందిన డొమినికా సిబుల్కోవా. ఆమె ఎత్తు 161 సెంటీమీటర్లు. మీ అమ్మ చెప్పిన లెక్క ప్రకారం నీకన్నా మూడు సెంటీమీటర్లే ఎక్కువ.

సిబుల్కోవా 1989 మే 6న బ్రాటిస్లావాలో పుట్టింది. ఆమె పుట్టేనాటికి అది చెకోస్లొవేకియా. 1993లో స్లొవేకియా వేరే దేశమైంది. దేశం మొత్తం జనాభా 54 లక్షలు, మన హైదరాబాదు నగరం కన్నా తక్కువ. అంత చిన్న దేశం నుంచి ఆమెకు ముందే డానియెలా హంతుచోవా ప్రపంచ 5వ ర్యాంకు దాకా వెళ్ళింది. 2002లో స్లొవేకియా జట్టు, దేశాల మహిళా జట్లు తలపడే ఫెడ్ కప్ గెలిచింది. కనుక దారి లేని చోట దారి వేసిందని నేను చెప్పను. కానీ ఆ దారిన ముందు నడిచిన హంతుచోవా పొడగరి. ఈ పిల్ల తన కొలతలకు సరిపోయే ఆటను తానే కుట్టుకోవలసి వచ్చింది.

ఆ ఆట ఎలాంటిదో ముందు చెబుతాను. పొట్టి మనిషి కోర్టు చివరి గీత అయిన బేస్‌లైన్‌కు వెనుక నిలబడితే, టాప్‌స్పిన్‌తో, అంటే ముందుకు గిరగిరా తిరుగుతూ వచ్చిన బంతి భుజం దాటి పైకి లేస్తుంది, అక్కడ కొట్టడానికి బలం ఉండదు. అందుకే సిబుల్కోవా వెనక్కి తగ్గేది కాదు. గీత దగ్గరే, కొన్నిసార్లు గీత లోపలే నిలబడి, బంతి ఇంకా పైకి లేస్తుండగానే కొట్టేది. రెండడుగులు ముందుకు రావడం వల్ల బంతి ఆమెకు నడుము ఎత్తులో దొరికేది, పైగా అవతలి మనిషికి ఆలోచించే వ్యవధి తగ్గేది. ఇలా ఆడాలంటే ప్రతి బంతికీ చిన్న చిన్న అడుగులు వేసి ముందే చేరుకోవాలి. చేతికన్నా తొడలకు ఎక్కువ పని. ఆ ఫోర్‌హ్యాండ్‌లోని వేగం భుజం నుంచి వచ్చినది కాదు, నేలను తన్నిన కాళ్ళ నుంచి వచ్చినది. పాయింటు గెలిచినప్పుడల్లా ఆమె "పోమే" అని గట్టిగా అరిచేది. స్లొవాక్ భాషలో అది మన "పద పద" వంటి మాట.

సర్వీసు ఆమెకు చివరిదాకా బలం కాలేదు. ఈ సంగతి నీ దగ్గర దాచను. ఎత్తు వల్ల వచ్చే లోటు అక్కడ ఉంటుంది, దాన్ని అవతలి సర్వీసును తిప్పికొట్టే రిటర్న్‌తో, కాళ్ళతో పూడ్చుకోవలసిందే. నీ ఎత్తుకు బలమైన సర్వీసు రాకపోయినా తెలివైన సర్వీసు వస్తుంది. నెట్ మధ్యలో 91 సెంటీమీటర్లు, స్తంభాల దగ్గర 107 సెంటీమీటర్లు ఉంటుంది. మధ్య గీత వైపు కొట్టే సర్వీసు నెట్ తక్కువగా ఉన్న చోటి మీదుగా వెళుతుంది కనుక నీకు కొంత వెసులుబాటు దొరుకుతుంది. అటు ఎక్కువగా, మనిషి ఒంటి మీదికి కొన్నిసార్లు, స్పిన్‌తో కొట్టు. మొదటి సర్వీసు వేగం కొంచెం తగ్గినా లోపల పడటమే నీకు ముఖ్యం.

ఇక అసలు సంగతికి వస్తాను. 2013 జనవరిలో సిడ్నీ పోటీలో సిబుల్కోవా ఫైనల్‌కు చేరింది. దారిలో పెత్రా క్విటోవా, సారా ఎరాని, ఏంజెలిక్ కెర్బర్ అనే ముగ్గురు గట్టి క్రీడాకారిణులను ఓడించింది. ఫైనల్‌లో పోలండ్‌కు చెందిన అగ్నియెష్కా రద్వాన్‌స్కా చేతిలో 0-6, 0-6తో ఓడిపోయింది. నీ స్కోరే. ఊళ్ళో జరిగే పోటీలో కాదు, టీవీలో ప్రపంచమంతా చూస్తుండగా. ఆ వారమంతా గెలుస్తూ వచ్చిన మనిషి ఒక్క గేమ్ కూడా గెలవలేకపోయిందంటే, ఆమె ఎత్తు ఫైనల్ నాడు తగ్గిందా? రద్వాన్‌స్కా వేగంగా కొట్టే మనిషి కాదు. నీ వేగాన్నే నీ మీదికి తిప్పుతుంది, బంతిని తక్కువ ఎత్తులో, కోర్టు మూలలకు వేస్తుంది, నీ అంతట నువ్వే తప్పు చేసేదాకా ఓపిక పడుతుంది. అలాంటి మనిషి మీద కోపంతో ఇంకా గట్టిగా కొడితే తప్పులు పెరుగుతాయే తప్ప పాయింట్లు పెరగవు.

అదే ఏడాది జులైలో స్టాన్‌ఫర్డ్‌లో ఫైనల్‌కు చేరితే, అవతల మళ్ళీ రద్వాన్‌స్కాయే ఉంది. మొదటి సెట్ 3-6తో పోయింది. ఆరు నెలల కిందటి ఆ రెండు సున్నాలు ఆ క్షణంలో గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి? అయినా 6-4, 6-4తో తర్వాతి రెండు సెట్లూ గెలిచి టైటిల్ అందుకుంది. మరో ఆరు నెలలకు, 2014 ఆస్ట్రేలియన్ ఓపెన్ సెమీఫైనల్‌లో అదే రద్వాన్‌స్కాను 6-1, 6-2తో ఓడించింది. రద్వాన్‌స్కా ముందు రోజే విక్టోరియా అజరెంకాతో మూడు సెట్లు ఆడి అలసిపోయి ఉన్న మాట నిజమే, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి. కానీ ఆ అలసటను వాడుకోవడానికి ఆ రోజు కోర్టులో ఉండాలి కదా. సిడ్నీ తర్వాత ఆ మనిషి ఉన్న పోటీలన్నీ తప్పించుకుని తిరిగి ఉంటే, స్లొవేకియా నుంచి గ్రాండ్‌స్లామ్ అనే నాలుగు పెద్ద పోటీల్లో ఒకదాని సింగిల్స్ ఫైనల్‌కు చేరిన మొదటి మహిళ అన్న పేరు ఆమెకు దక్కేది కాదు.

ఇది ఒక్కసారి జరిగిన వింత అయితే నీకు ఇంత పొడవుగా రాసేవాణ్ణి కాదు. ఆమె జీవితమంతా ఇదే తీరు కనబడుతుంది. 2008లో అమీలియా ఐలాండ్ ఫైనల్‌లో మరియా షరపోవా చేతిలో ఓడింది. షరపోవా ఎత్తు 188 సెంటీమీటర్లు, అంటే ఒక అడుగుకు కాస్త తక్కువ తేడా. మరుసటి ఏడాది పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్‌లో అదే షరపోవాను 6-0, 6-2తో ఓడించింది. షరపోవా అప్పుడే భుజం శస్త్రచికిత్స నుంచి కోలుకుని వచ్చింది గనుక ఆ గెలుపు అంత గొప్పది కాదని అన్నవాళ్ళు ఉన్నారు. 2014లో మెల్‌బోర్న్ నాలుగో రౌండులో మొదటి సెట్ పోగొట్టుకుని కూడా 3-6, 6-4, 6-1తో మళ్ళీ ఆమె మీదే గెలిచినప్పుడు ఆ మాటకు బలం పోయింది.

2012 మార్చిలో మయామిలో జరిగినదే నాకు అన్నిటికన్నా కష్టంగా తోస్తుంది. ఆ ఏడాది అప్పటికి ఓటమి ఎరుగని ప్రపంచ నంబర్ వన్ విక్టోరియా అజరెంకా మీద ఆమె 6-1, 5-2తో ముందంజలో ఉంది. గెలుపు చేతికి అందినట్టే ఉంది. ఆ మ్యాచ్ 6-1, 6-7, 5-7తో చేజారింది. ఒక్క గేమ్ గెలవకుండా ఓడినదాని కన్నా ఇలా ఓడినదే మనిషిని ఎక్కువ కాలం వేధిస్తుంది, నేర్పిన ఇన్నేళ్ళలో పిల్లల్లో అది చూశాను. రెండు నెలలు దాటీ దాటకముందే పారిస్‌లో నాలుగో రౌండు డ్రా ఆమెను మళ్ళీ అజరెంకా ఎదుట నిలబెట్టింది. మొదటి సెట్ 6-2తో గెలిచింది. మయామిలో లాగే రెండవ సెట్ బిగుసుకుంది. ఈసారి 6-6 దగ్గర సెట్‌ను తేల్చే టైబ్రేక్‌లో ఆమె తడబడలేదు, 7-6తో మ్యాచ్ ముగించింది.

అందరి అప్పూ ఆమె తీర్చలేదు, అదీ నీకు తెలియాలి. 2014 మెల్‌బోర్న్ ఫైనల్‌లో చైనా క్రీడాకారిణి లీ నా చేతిలో 6-7, 0-6తో ఓడింది. జీవితంలోనే గొప్పవైన ఆ రెండు వారాలు ఒక సున్నా సెట్‌తో ముగిశాయి. లీ నా ఆ ఏడాది సెప్టెంబరులో ఆట విడిచిపెట్టింది. ఆమె మీద సిబుల్కోవా ఎన్నడూ గెలవలేదు. కానీ ఫైనల్ జరిగిన ఐదు వారాలకే అకపుల్కోలో టైటిల్ గెలిచింది.

తర్వాత 2015 ఫిబ్రవరిలో మడమ వెనుక స్నాయువుకు శస్త్రచికిత్స జరిగింది. కాళ్ళే ఆస్తిగా బతికే క్రీడాకారిణికి అంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు. నాలుగు నెలలు ఆటకు దూరమైంది, ఆ ఏడాది చివరికి ర్యాంకు 38కి పడిపోయింది. మరుసటి ఏడాది చివరికి 5వ ర్యాంకులో ఉంది. ఆ 2016లో వింబుల్డన్ నాలుగో రౌండులో రద్వాన్‌స్కాను 6-3, 5-7, 9-7తో ఓడించి, ఆ అలసటతోనే మరునాడు క్వార్టర్ ఫైనల్ ఓడిపోయింది. ఫైనల్ జరిగే జులై 9నే ఆమె పెళ్ళి ముహూర్తం! ఫైనల్‌కు వెళితే ముహూర్తం మార్చుకోవలసి వచ్చేది. ఆ అవసరం రాలేదు.

ఏడాది చివర ఎనిమిది మందే ఆడే డబ్ల్యూటీఏ ఫైనల్స్‌కు అర్హత కావాలంటే ఆమె చివరి వారాల్లో ఆస్ట్రియాలోని లింట్జ్‌లో గెలవాలి. 2011లో అదే లింట్జ్ ఫైనల్‌లో క్విటోవా చేతిలో ఓడింది, అది ఆమె ఓడిన మూడవ ఫైనల్. మరుసటి వారమే మాస్కోలో కాయా కనేపీ మీద 3-6, 7-6, 7-5తో మొట్టమొదటి టైటిల్ గెలిచింది. 2016లో మాత్రం లింట్జ్ గెలిచి, ఆ డబ్ల్యూటీఏ ఫైనల్స్ జరిగే సింగపూరు చేరింది. అక్కడ ఒక్క ఓటమితో ఇంటికి పోరు, మొదటి దశలో నలుగురేసి గుంపులో ఒక్కొక్కరూ మూడు మ్యాచ్‌లు ఆడతారు. అక్కడ మొదటి మ్యాచ్‌లో నంబర్ వన్ కెర్బర్ చేతిలో, రెండవ మ్యాచ్‌లో మాడిసన్ కీస్ చేతిలో ఓడింది. మూడవ మ్యాచ్‌లో సిమోనా హలెప్‌ను వరుస సెట్లలో ఓడించి, కీస్ ఓటమి కూడా కలిసిరావడంతో సెమీఫైనల్‌కు వెళ్ళింది. అక్కడ స్వెత్లానా కుజ్‌నెత్సోవా మీద మొదటి సెట్ 1-6తో పోయినా గెలిచింది. ఫైనల్‌లో మళ్ళీ కెర్బర్. వారం కిందట తనను ఓడించిన ఆ కెర్బర్‌ను 6-3, 6-4తో ఓడించింది. చివరి పాయింటు బంతి నెట్ అంచును తాకి అవతల పడింది. అదృష్టమే. ఆ ఒక్క పాయింటు వరకే అదృష్టం. 2017 మార్చిలో 4వ ర్యాంకుకు చేరింది, అదే ఆమె అత్యున్నత స్థానం. 2019లో ముప్పై ఏళ్ళ వయసులో ఆటకు వీడ్కోలు చెప్పింది.

నువ్విప్పుడు చేయవలసింది చెబుతాను. ఒక పుస్తకం తీసుకుని, నిన్ను ఓడించిన ప్రతి మనిషికీ ఒక పేజీ కేటాయించు. "బాగా ఆడింది", "నా ఎత్తు చాలలేదు" వంటి మాటలు అందులో రాయవద్దు. పోయిన వారం మ్యాచ్‌లో గుర్తున్న పాయింట్లన్నీ రాయి: బంతి ఎక్కడ పడింది, నువ్వు గీతకు ఎంత వెనుక ఉన్నావు, నెట్‌కు కొట్టావా, బయటికి కొట్టావా, ఆమె గెలిచిందా, నువ్వు పోగొట్టావా. పన్నెండు గేముల్లో సగానికి పైగా పాయింట్లు నీ తప్పుల వల్లనే పోయి ఉంటాయని నా అంచనా. అలా అయితే ఆ అమ్మాయి వేగం ఇచ్చే మనిషా, వేగం ఇవ్వకుండా నిన్ను తొందరపెట్టే మనిషా అన్నది తేలుతుంది. సాధన ఎలా చేయాలో ఆ జవాబును బట్టి నిర్ణయిద్దాం. వేగం ఇవ్వని మనిషి అయితే, ర్యాలీలో మొదటి మూడు బంతులూ గీతలకు బారెడు లోపలే వేస్తూ, నెట్‌కు దగ్గరగా పడే పొట్టి బంతి దొరికినప్పుడే ముందుకు దూకి కొట్టడం అలవాటు చేసుకోవాలి. మొదటి లక్ష్యం గెలుపు కాదు, ఆమె సర్వీసు ఒక్కసారి బ్రేక్ చేయడం, అంటే ఆమె సర్వీసు చేసే గేమ్ ఒకటి గెలవడం. ఆ తర్వాతి లక్ష్యం ఆ గేమ్ గెలిచాక చెబుతాను.

పేరు వెనక్కి తీసుకునే గడువు ఎల్లుండి అని మీ అమ్మ చెప్పింది. ఎల్లుండి గడిచేదాకా ఎవరికీ ఏమీ రాయకు. శనివారం ఉదయం బండికి నేను వస్తున్నాను. ఆరు గంటలకల్లా కోర్టు దగ్గర ఉంటాను. బంతుల డబ్బాలు నేనే తెస్తాను, నువ్వు ఆ పుస్తకం తెచ్చుకో.

ఆశీస్సులతో,
మీ తాతయ్య