రాజమండ్రిలో సాయంత్రం ఫోటోలు: సూర్యుణ్ణి కాసేపు వదిలి ఊరి వైపు తిరగండి

గోదావరి గట్టున తీసిన ఫోటోల్లో సూర్యుడు తెల్లటి చుక్కలా, మిగతాదంతా నల్లగా వస్తోందని, ఈసారి రాజమండ్రి వెళ్తే ఎక్కడ నిలబడి ఎలా తీయాలని అడిగారు. గోదారి ఒడ్డున ఎన్నో సాయంత్రాలు కెమెరాతో గడిపినవాడిగా నాకు తెలిసింది చెబుతాను.

రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది. అంటే ఘాట్లన్నీ పడమటి వైపు చూస్తుంటాయి. సూర్యుడు అవతలి ఒడ్డున ఉన్న కొవ్వూరు వైపు దిగుతుంటే ఆ వెలుగంతా నేరుగా మెట్ల మీద, గుడి గోపురాల మీద, జనం ముఖాల మీద పడుతుంది. అందరూ ఆ టైములో నది వైపే కెమెరా పెడతారు. అస్తమయానికి ముందు అరగంట మీరు నదికి వీపు పెట్టి ఊరిని తీయండి. పుష్కర ఘాట్‌లో తడి చీర కొంగు పిండుకుంటున్న ఒక పెద్దావిడ పక్కన మెట్టు మీద పెట్టిన ఇత్తడి చెంబు ఆ ఎండకి నిప్పులా మెరిసింది. నేను తీసినవాటిలో నాకు బాగా నచ్చిన ఫోటోల్లో అదొకటి. స్నానం చేసేవాళ్ళని మాత్రం అడగకుండా తీయకండి. అడిగితే చాలామంది సరేనంటారు.

తర్వాత నది వైపు తిరగండి. ఇక్కడ ఫోటోకి ప్రాణం బ్రిడ్జిలే. 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిపోయిన హేవ్‌లాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన, హేవ్‌లాక్ స్థానంలో వచ్చిన 28 ఆర్చిల వంతెన. ఆర్చి బ్రిడ్జి వెనక సూర్యుడు దిగాలంటే నెల చూసుకోవాలి. జూన్‌కీ డిసెంబరుకీ మధ్య సూర్యుడు దిగే చోటు దాదాపు 49 డిగ్రీలు జరుగుతుంది. చలికాలంలో నైరుతి వైపు దిగుతాడు కాబట్టి బ్రిడ్జికి ఎగువన నిలబడండి. ఎండాకాలంలో వాయవ్యం వైపు జరుగుతాడు, అప్పుడు దిగువకి పోవాలి. టైము కూడా మారుతుంది: నవంబరు చివర్లో 5:30కే అయిపోతుంది, జూన్ చివర్లో 6:40 ప్రాంతం దాకా ఉంటుంది.

సూర్యుడు పెద్దగా కనిపించాలంటే బ్రిడ్జికి దూరం జరిగి జూమ్ లెన్సుతో తీయాలి. ఒక్కో ఆర్చి దాదాపు 97 మీటర్లు. కిలోమీటరు దూరం నుంచి ఎదురుగా చూస్తే ఆ వెడల్పులో పది మంది సూర్యుళ్ళు పడతారు. ఇంకా దూరం జరిగితే ఆర్చి చిన్నదవుతుంది, సూర్యుడు మాత్రం అంతే ఉంటాడు. జూమ్ పెట్టి, కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్లోంచి నేరుగా సూర్యుణ్ణి చూడొద్దు, కంటికి ప్రమాదం. స్క్రీన్ మీదే చూసుకోండి.

తెల్ల చుక్క సమస్యకి మందు సులువే. ఫోన్‌లో సూర్యుడి పక్కన ఆకాశం మీద వేలు నొక్కి పట్టుకుని, వెలుగు లాక్ అయ్యాక కిందకి జరపండి. బ్రిడ్జి నల్లబడితే పడనివ్వండి, ఆ ఆకారమే అందం. కెమెరాలో రంగుల్ని సర్దే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే నారింజ రంగు చప్పబడుతుంది, క్లౌడీలో పెట్టండి.

దిగువన ధవళేశ్వరం బ్యారేజీ నీటిని ఆపడం వల్ల వరదల్లేని రోజుల్లో ఇక్కడ నది చెరువులా నిలిచి ఉంటుంది, ఆకాశం నీళ్ళలో దిగుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా వచ్చే ఎర్రనీటిలో ఆ అద్దం ఉండదు కానీ, వాన వెలిసిన సాయంత్రం మబ్బులు అంత బాగా మరెప్పుడూ ఉండవు.

పడవ ఎక్కితే ట్రైపాడ్ దండగ. షట్టర్ స్పీడు సెకనులో 1/500వ వంతు పెట్టి, ఇంజను ఆపమని అడగండి, ఆ వణుకు ఫోటోలో తెలుస్తుంది. "బాబాయ్, ఓ ఐదు నిమిషాలు ఆపుతారా?" అంటే, "ఆపుతానండి, కానీ ఏటి వాలుకి పడవ కిందకి పోద్దండి" అన్నాడు ఒకసారి మా పడవ నడిపినాయన. పోనిచ్చాం. దానివల్లే ఒక ఆర్చి సరిగ్గా సూర్యుడి మీదకి వచ్చింది.

సూర్యుడు మునగ్గానే సామాను సర్దేయకండి. ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఆకాశం ఊదా రంగులోకి, నీలంలోకి తిరుగుతుంది, దీపాలు వెలుగుతాయి, ఘాట్‌లో హారతి ఉంటుంది. ట్రైపాడ్ అక్కరకొచ్చేది అప్పుడే. జనం రాకముందే పై మెట్ల మీద చోటు చూసుకోండి, కింద నిలబడితే ముందున్నవాళ్ళ తలలే వస్తాయి.