పిల్లి తుమ్ముతోందని మన జలుబు మాత్ర వేయొచ్చా?

ప్రశ్న: మా పిల్లికి రెండేళ్లు. వారం రోజులుగా తెగ తుమ్ముతోంది, ముక్కు కారుతోంది. నిన్న రాత్రి మేం వాడే జలుబు మాత్ర సగం పాలలో కలిపి పట్టాం. పొద్దుటి నుంచి గిన్నె దగ్గరికే రావడం లేదు. ఇంట్లో చిన్న పాప ఉంది. తనకూ అంటుకుంటుందా?

జవాబు: పాప సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆ మాత్ర. పేరు రాయలేదు గానీ, మన జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది. దాన్ని అరాయించుకునే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. 500 మిల్లీగ్రాముల మాత్రలో సగం చాలు, ప్రాణం మీదికి రావడానికి. పెదవి పైకెత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగు పోయి గోధుమ రంగుకో నీలానికో తిరిగినా, ముఖం, పాదాలు వాచినా, రొప్పుతున్నా రక్తం ఆక్సిజన్‌ను మోయలేకపోతోందన్నమాట. చిగుళ్లు మామూలుగా ఉన్నా ఆగొద్దు. మాత్రల స్ట్రిప్ చేత్తో పట్టుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. విరుగుడు ఉంది, గంటలు గడిచేకొద్దీ దాని ప్రభావం తగ్గుతుంది.

ఒకసారి తువ్వాలులో చుట్టి తెచ్చిన పిల్లి నోరు తెరిచి చూస్తే చిగుళ్లు కాఫీ గింజ రంగులో ఉన్నాయి. 'పావు మాత్రే వేశాం డాక్టర్' అన్నారు ఆ ఇంటివాళ్లు. దాన్ని బతికించలేకపోయాం. పావైనా సగమైనా, ఈ మందు పిల్లికి పనికిరాదు. పాపకైతే అడగకుండా పెద్దల మాత్ర వేసేవారు కాదు కదా! దయచేసి పిల్లి విషయంలోనూ ఒక్క ఫోన్ చేసి అడగండి.

తిండి మానేయడం నా రెండో భయం. ముక్కు బిగిస్తే వాసన తెలియదు, వాసన తెలియకపోతే పిల్లి తినదు. రెండు మూడు రోజులు ఖాళీ కడుపుతో ఉంటే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, లావుగా ఉన్నవాటికి మరీ. డాక్టర్ చూశాక, ఆయన సరేనంటే మెత్తటి తిండి గోరువెచ్చగా చేసి పెట్టండి. తడి దూదితో ముక్కు తుడవండి. బామ్, నీలగిరి తైలం దగ్గరికి రానీయొద్దు.

ఇక తుమ్ములు. చూడకుండా ఇదే జబ్బని చెప్పలేను. ఎక్కువగా హెర్పిస్, కాలిసి వైరస్‌ల వల్ల వస్తాయి, చాలావరకు 7 నుంచి 10 రోజుల్లో తగ్గుతాయి. హెర్పిస్ ఒంట్లోనే ఉండిపోయి, ఇల్లు మారినా కొత్త పిల్లి వచ్చినా మళ్లీ బయటపడుతుంది. టీకా దాన్ని పూర్తిగా ఆపదు గానీ తీవ్రత తగ్గిస్తుంది. లిట్టర్ (పిల్లి మలమూత్రాలకు ట్రేలో పోసే ఇసుకలాంటిది) దుమ్ము, రూమ్ ఫ్రెషనర్ కూడా తుమ్ములు తెప్పిస్తాయి. ముక్కులో ఒక్క రంధ్రం నుంచే చీము లేదా రక్తం వస్తుంటే మాత్రం లోపల గడ్డిపరక ఇరుక్కుందో, పంటి వేరు చీము పట్టిందో, గడ్డ ఉందో చూడాలి. కన్ను మూసుకుంటుంటే ఇంట్లో మిగిలిన చుక్కలు వేయకండి. వాటిలో స్టెరాయిడ్ ఉండి, కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరపై పుండు ఉంటే చూపు పోవచ్చు. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికే.

పాపకు ఈ రెండు వైరస్‌లూ అంటవు. వేరే సూక్ష్మజీవులు అరుదుగా అంటుకునే అవకాశం ఉంది కాబట్టి, పిల్లిని ముట్టుకున్నాక చేతులు కడిగించండి. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే దాన్ని వేరే గదిలో ఉంచండి, గిన్నెలూ వేరుగా పెట్టండి.