వరంగల్, రామప్ప ఒక్కరోజులో అవుతాయా?

ఆదివారం పొద్దున్నే హైదరాబాద్‌లో బయల్దేరి వేయిస్తంభాల గుడి, కోట, రామప్ప చూసుకుని రాత్రికి ఇంటికి రాగలమా, అమ్మానాన్నలు కూడా వస్తున్నారు అన్నారు. రాగలరు. మేమూ మొదటిసారి అలాగే వెళ్లాం. రామప్ప చేరేసరికి ఐదు దాటింది. బయట డ్రైవర్ హారన్ కొడుతుంటే గుడి చుట్టూ పరుగులాంటి నడక. తిరుగుదారిలో మా నాన్నగారు ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. రెండోసారి హనుమకొండలో ఒక రాత్రి ఉన్నాం. మీరూ అదే చేయండి.

మొదటి రోజు ఊళ్లోనే. వేయిస్తంభాల గుడి కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించింది. అప్పటికి కాకతీయుల రాజధాని హనుమకొండే, ఓరుగల్లుకు మారింది ఆ తర్వాత. గంట చాలు. భద్రకాళి గుడి దగ్గర్లోనే.

సాయంత్రం మొత్తం కోటకి ఉంచుకోండి. చాలామంది రాతి తోరణం ముందు ఫొటో దిగి, "ఇంతేనా?" అని వెళ్లిపోతారు. అసలు ముందుగా కోట ద్వారం దగ్గర ఆగాలి. శత్రువు నేరుగా దూసుకురాకుండా దారిని మలుపులు తిప్పారు. ఇప్పుడు ఆ మలుపుల్లోనే ఆటోలు, బైకులు ఒకదానికొకటి దారిచ్చుకుంటూ పోతుంటాయి, ఎందుకంటే కోట లోపల ఊరుంది, పొలాలున్నాయి. నడిమధ్యలోని స్వయంభూ శివాలయం కూలిపోయింది, చుట్టూ నాలుగు తోరణాలు మిగిలాయి. వాటి మీద తామర మొగ్గలు, దండలు, పక్షులే తప్ప దేవుడి బొమ్మలు లేవు. 1323లో కోటను పట్టుకున్న ఢిల్లీ సైన్యం వాటి జోలికి పోకపోవడానికి అదే కారణమంటారు.

రెండో రోజు పొద్దున్నే రామప్ప గుడి ఉన్న పాలంపేట వెళ్లండి. హనుమకొండ నుంచి 70 కిలోమీటర్ల లోపే. చెప్పులు బయటే వదలాలి, మధ్యాహ్నమైతే బండలు కాలిపోతాయి, పెద్దవాళ్లకి సాక్సులు ఉంచండి. లోపల నేల కూడా ఎగుడుదిగుడు, చేయి పట్టుకుని తీసుకెళ్లండి. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది, పేరు మాత్రం శిల్పి రామప్పదే నిలిచిందంటారు. చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే అందగత్తెల శిల్పాలు ఉంటాయి. ఒకామె కాళ్లకి మడమలెత్తు చెప్పులు చూసి మా అమ్మ, "ఇవి అప్పుడే ఉన్నాయా!" అని అక్కడే నిలబడిపోయింది. లోపలి స్తంభం మీద చెక్కిన సన్నటి రంధ్రంలోంచి గైడు చీపురుపుల్ల దూర్చి ఇవతలికి లాగాడు. గైడుకిచ్చే డబ్బులు దండగ కాదు.

ఓపికుంటే దగ్గర్లోనే గణపురం కోటగుళ్లు. సగం శిథిలం, జనం ఉండరు. నాకైతే రామప్ప కంటే అక్కడే ఎక్కువసేపు కూర్చోవాలనిపించింది.

పులిహోర కట్టుకెళ్లండి. మేం రామప్ప చెరువు గట్టున తిన్నాం. కోతులుంటాయి, డబ్బా మూత తీసి పక్కన పెట్టకండి.