ఓక్ రిడ్జ్ గుట్ట మీద మిగిలిన చర్చి

అడిగిన ప్రశ్న ఇది: "రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా పట్టణాల్లో చర్చి జీవితం ఎలా ఉండేది? జనంలో భక్తి పెరిగిందా?"

భక్తి పెరిగిందా, తగ్గిందా అని అడగడమే సరికాదని నా అభిప్రాయం. ఆ యుద్ధంలో ఎవరికి చర్చి దక్కింది, ఎవరి చర్చి పోయింది అని అడగాలి. పదకొండేళ్ళుగా నేను టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్‌లో ఉంటున్నాను. ఈ రెండూ జరిగిన ఊరు ఇదే.

అణుబాంబుకు కావలసిన యురేనియం శుద్ధి చేయడానికి 1942 చివర్లో సైన్యం ఈ లోయలను స్వాధీనం చేసుకుంది. మూడేళ్ళు తిరగకుండానే డెబ్బై అయిదు వేల మందితో పట్టణం లేచింది. చుట్టూ కంచె, గేట్ల దగ్గర కాపలా, అందరికీ గుర్తింపు బిళ్ళ. పక్కింటివాడు చేసే పనేమిటో ఇంకొకరికి తెలియదు, తాను చేస్తున్నది దేనికోసమో తనకే తెలియదు. బురద సంగతి ఆనాటివాళ్ళంతా చెబుతారు. ఆదివారం ఆరాధనకు వెళ్ళాలన్నా ఆ బురదలో నడిచే వెళ్ళాలి.

అంత జనానికి మొదట కట్టిన చర్చి ఒకటే. 1943 సెప్టెంబరులో ప్రతిష్ఠించిన ఆ తెల్లని చెక్క మందిరాన్ని ఇప్పటికీ గుట్ట మీది చాపెల్ అంటారు. క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, యూదులు వంతులు వేసుకుని ఆ ఒక్క గదినే వాడుకున్నారు. చోటు చాలని సంఘాలు సినిమా హాల్లో, బడిలో, భోజనశాలలో కూడుకున్నాయి. తన సంఘంలో ఎవరు ఏ భారం మోస్తున్నారో పాస్టరుకు అడిగే వీలు లేదు, చెప్పే వీలు వాళ్ళకూ లేదు. ఆ రోజుల్లో ప్రార్థన విన్నపాలు ఎలా చెప్పుకునేవారో అని చాలాసార్లు ఆలోచించాను. 1945 ఆగస్టు 6న హిరోషిమా వార్త వచ్చాకే వాళ్ళలో ఎక్కువమందికి తమ చేతులు ఏం చేశాయో తెలిసింది. ఆ తరువాతి ఆదివారం ఆ బల్లల మీద కూర్చున్నవాళ్ళ మనసు ఎలా ఉండి ఉంటుందో!

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పాలి. అప్పట్లో మూడు వర్గాలు ఒక్క గదిలో సర్దుకున్నాయి. ఇప్పుడు అమెరికాలో మన తెలుగు క్రైస్తవులు ఇరవై కుటుంబాలు ఉన్నచోట మూడు కూడికలు పెడుతున్నారు. లూథరన్, బాప్టిస్టు అని పేరుకు చెబుతారు కానీ, లోపల పనిచేసేది ఊరు, కులం. గుంటూరుకు 1842లో లూథరన్ మిషనరీ హేయర్‌ను పంపిన అమెరికా సంఘాల దేశానికి వచ్చి మనం చేస్తున్నది ఇదా? అలాగని ఆనాటి ఓక్ రిడ్జ్‌ను స్వర్గం చేసి చెప్పను. నల్లజాతి కార్మికులను వేరుగా గుడిసెల్లాంటి చెక్క గదుల్లో కుక్కారు, పెళ్ళయిన జంటలను సైతం విడదీసి ఉంచారు. గుట్ట మీది చాపెల్ కథను మురిపెంగా చెప్పేవాళ్ళు ఈ ముక్క వదిలేస్తారు.

వాళ్ళు వదిలేసే ఇంకో సంగతే నేను అసలు చెప్పాలనుకున్నది. ఈ లోయలు ఖాళీ నేల కాదు. వీట్, ఎల్జా, రాబర్ట్స్‌విల్, స్కార్‌బరో అనే పల్లెలు ఉండేవి. దాదాపు మూడు వేల మందిని కొన్ని వారాల గడువుతో వెళ్ళగొట్టారు. కొందరికి ఆ కబురు ఇంటి తలుపుకు అంటించిన కాగితమే. అంతకుముందు ఈ ప్రాంతంలోనే కట్టిన నారిస్ ఆనకట్ట కింద ఊళ్ళు పోయి ఇక్కడికొచ్చిన కుటుంబాలు కొన్ని రెండోసారి మూట కట్టుకున్నాయి. నారిస్ దగ్గర ప్రభుత్వం అయిదు వేలకు పైగా సమాధులను తవ్వి వేరేచోటికి చేర్చింది. ఇక్కడ మాత్రం సమాధులు కంచె లోపలే ఉండిపోయాయి.

వీట్ గ్రామంలో మిగిలిన కట్టడం జార్జ్ జోన్స్ స్మారక బాప్టిస్టు చర్చి ఒక్కటే. పక్కనే సమాధుల తోట. ఆ ఊరివాళ్ళు, వాళ్ళ పిల్లలు ఏటా అక్టోబరులో అక్కడ కలుసుకుంటారు. నేను ఇక్కడికి వచ్చిన రెండో ఏడు, ఆఫీసులో ఒకావిడ రమ్మంటే వెళ్ళాను. ఆరాధన అయ్యాక చెట్ల కింద బల్లలు వేసి ప్రేమవిందు పెట్టారు. ఒక పాట ఎత్తుకోగానే రాగం నాకు తెలిసిపోయింది. మా ఊరి మందిరంలో అదే రాగానికి తెలుగు మాటలు పాడేవాళ్ళం. గొంతు కలిపితే నా నోట తెలుగే వచ్చింది, ఎవరూ వింతగా చూడలేదు.

ఎనభై దాటిన ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుని మొక్కజొన్న రొట్టె నా పళ్ళెంలో వేసింది. ఊరు విడిచేనాటికి ఆమెకు ఏడేళ్ళట. బండికి సామాను ఎక్కించాక వాళ్ళమ్మ కనబడకపోతే వెతికారట. ఆవిడ చర్చిలో ఉంది, నేల ఊడుస్తోంది. ఇక ఎవరూ రారుగదా అని నాన్న కేకలేస్తే, ఈ వారం వంతు నాదే అందట.

"మీవాళ్ళెవరైనా ఇక్కడ ఉన్నారా?" అని ఆమె సమాధులవైపు చూపించి అడిగింది.

లేరన్నాను. మా తాత సమాధి నీళ్ళ కింద ఉందన్నాను. మాది కర్నూలు జిల్లాలో కృష్ణ ఒడ్డున పల్లె. 1981లో శ్రీశైలం జలాశయం కిందికి పోయింది. నాకప్పుడు నాలుగేళ్ళు. పాత గుళ్ళను రాయి రాయి విప్పి ఆలంపురానికి, సోమశిలకు చేర్చారు. మంచిపనే. మా పేటలోని పెంకుటింటి మందిరం మాత్రం ఏ జాబితాలోనూ లేదు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే గోడ మొదళ్ళు కనిపిస్తాయని ఇప్పటికీ మావాళ్ళు చూడటానికి వెళ్తారు. ఆమె అంతా విని మా ఊరి పేరు రెండుసార్లు పలికించుకుంది, నోరు తిరిగేదాకా.

ఈ పట్టణంలోని పార్కులో జపాన్‌తో స్నేహానికి గుర్తుగా పెట్టిన ఒక పెద్ద గంట ఉంది. అక్కడే పోతపోయించి తెచ్చి 1996లో ప్రతిష్ఠించారు. ఆ ఆలోచన చేసినవాళ్ళు షిగెకో ఉప్పులూరి, ఇక్కడి లేబొరేటరీలో గణితవేత్తగా పనిచేసిన ఆమె భర్త డాక్టర్ ఉప్పులూరి. అది బౌద్ధ చిహ్నమని ఒకరు కోర్టుకెక్కితే, 2000లో అప్పీలు కోర్టు ఆ వాదనను కొట్టేసింది. యుద్ధం పేరు మీద నడిచిన భక్తి అంతటికంటే ఆ గంట నాకు గొప్పగా కనిపిస్తుంది. ఇంటిపేరు మనది కావడం కూడా కొంత కారణమే.

అమ్మ మొన్నటి ఏడు వచ్చినప్పుడు ముందు ఆ గంట చూపించి, తరువాత వీట్ గుట్టకు తీసుకెళ్ళాను. చర్చి చుట్టూ తిరిగింది. ఎవరిదో ఒక సమాధి మీద రాలిన ఆకులు చేత్తో తీసేసింది. పేరు చదవమంటే చదివాను. కాసేపు నిలబడి, "చూడమ్మా, వీళ్ళ ఊరు పోయినా సమాధులకు నీళ్ళు తగల్లేదు" అంది.