చిరుత వెళ్ళిపోయాక

తమ్ముడూ,

నీ కథ చదివాను. సాయంత్రం వేళ అడవి దారి, నెత్తిన కట్టెల మోపు, వెనక పొదలో చిరుతపులి. ఎత్తుగడ బాగుంది, మాటల పొదుపూ ఉంది. చిక్కల్లా చిరుత బయటికొచ్చాకే. అక్కణ్ణించి కథ నేల విడిచి సాము చేసింది. చిరుత గాండ్రించి ఎదురుగా నిలబడింది, కళ్ళు నిప్పుల్లా మండాయి, నీ మనిషి మూడు పేజీలు దానితో కలబడ్డాడు, అది కుంటుకుంటూ పోయింది, అతను బతుకుజీవుడా అని ఇల్లు చేరాడు, కథ కంచికి. ఇలాంటి కథకి ముందు కావలసింది లెక్క. ఎన్ని సెకన్లు, ఎన్ని అడుగులు, ఎంత బరువు, ఎంత నెత్తురు. వర్ణన ఆ తర్వాత దానంతటదే వస్తుంది.

గాండ్రింపు కొట్టెయ్. చిరుత పొంచి వేటాడే జంతువు. చప్పుడు లేకుండా కొన్ని అడుగుల దూరం దాకా చేరడమే దాని విద్య. చివరి క్షణంలో అరిచి ఆ విద్యని బూడిదలో పోసుకోదు. దానికో అరుపు ఉంది, దుంగని రంపంతో కోస్తున్నట్టుంటుంది. అది తోటి చిరుతలకి తన ఉనికి చెప్పుకోడానికి. కావాలంటే ముందురోజు రాత్రి దూరాన వినిపించు, కథకి పనికొస్తుంది. కళ్ళ సంగతీ అంతే. పిల్లి జాతి కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, మీద పడిన వెలుతురుని తిప్పికొడుతుంది. వెలుతురు పడకపోతే మెరుపే లేదు. నీ మనిషి చేతిలో టార్చిలైటు లేదు మరి.

దూకే సమయం కూడా తప్పింది. మోపు నెత్తికెత్తుకుని నిటారుగా నడుస్తున్నవాడి మీదికి దూకించావు. అంతకు పది నిమిషాల ముందు అతను వంగి కట్టెలు ఏరుతున్నాడు. వంగినవాడు, గొంతుక్కూర్చున్నవాడు చిరుత కంటికి నాలుగు కాళ్ళ జంతువు ఎత్తులో ఉంటాడు. పైగా మెడ అందుబాటులోకి వస్తుంది. పిల్లల మీద దాడులు ఎక్కువగా జరగడానికీ ఈ ఎత్తే ఒక కారణం. దాడిని అక్కడికి జరుపు. లేదూ, మోపుతోనే కావాలంటే దాన్ని వీపు మీదికి దించు. మొదటి పంజా కట్టెల్లో దిగబడి, ఆ ఒక్క సెకను అతనికి మిగిలిందని రాయి. బతకడానికి అలాంటి కారణం ఒకటి ఉండాలి. ధైర్యం ఒక్కటే కారణమంటే పాఠకుడు నమ్మడు.

ఇక అసలు ప్రశ్న. అది ఎందుకు దూకింది? నీ కథలో జవాబు లేదు, అందుకే దాడి గాలిలో వేలాడుతోంది. ఆకలితో వచ్చిన మృగం వేరు, బెదిరి మీదపడిన మృగం వేరు. తినడానికొచ్చింది నిశ్శబ్దంగా వెనకనుంచి వస్తుంది, పీకో మెడ వెనకభాగమో పట్టుకుంటుంది, పట్టుకున్నాక ఈడ్చుకుపోవాలని చూస్తుంది, ఒక దెబ్బ తగిలితే పోదు. బెదిరింది ముందు హెచ్చరిస్తుంది: చెవులు వెనక్కి, తోక విసురు, కోరలు, గుర్రు. పిల్లలున్న ఆడపులి అయితే ఉరికొచ్చి మధ్యలో ఆగిపోనూవచ్చు, అది బెదిరింపు పరుగు. అప్పటికీ తొలగకపోతే కొడుతుంది, కొట్టి పోతుంది. గాయాలు ముఖం మీద, చేతుల మీద, కాళ్ళ మీద. మూడోది పిచ్చెక్కిన, అంటే రేబీస్ సోకిన జంతువు. దానికి ఆకలీ లేదు, భయమూ లేదు, కనబడినవాణ్ణల్లా కరుస్తూ పోతుంది. వీటిలో నీ చిరుత ఏదో నీకు తెలిస్తే, గాయం ఎక్కడ పడాలో, పోరు ఎంతసేపు సాగాలో, నీ మనిషి ఏం చేస్తే బతుకుతాడో వాటంతటవే తేలతాయి. పేజీ మీద ఆ కారణం చెప్పాలని లేదు. నీకు తెలిస్తే చాలు.

ఎలుగుబంటి ఉదాహరణ తీసుకో. అది సాధారణంగా వేటకి రాదు. మలుపులో ఎదురుపడితే ఉలిక్కిపడి మీదపడుతుంది. అక్కడ కలబడటం చేటు. అది తాకిందంటే బోర్లా పడుకోవాలి, పొట్ట నేలకి ఆనించి, రెండు చేతుల వేళ్ళూ మెడ వెనక పెనవేసి, మోచేతులతో ముఖానికి అడ్డం పెట్టి, దొర్లించకుండా కాళ్ళు ఎడంగా చాపి. ముప్పు పోయిందనుకుంటే ఎలుగు ఆగిపోతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు: అడుగుల చప్పుడు దూరమవగానే లేస్తారు, అది ఇంకా అక్కడే ఉంటుంది, రెండోసారి వస్తుంది. కథకుడికి ఇంతకన్నా మంచి క్షణం ఏముంది? బోర్లా పడుకున్నవాడికి మట్టీ, తన ఊపిరీ తప్ప ఏమీ కనబడవు, వినబడవు. ఎప్పుడు లేవాలో తెలియదు.

చిరుత దగ్గర ఇదే పని చేస్తే చచ్చినట్టే. దాని ముందు పడుకోవడమంటే మెడ అప్పగించడం. ఎదురుపడితే పరుగెత్తకూడదు, వీపు తిప్పకూడదు, వంగకూడదు. చేతులెత్తి, బట్ట విప్పి పట్టుకుని పెద్దగా కనబడాలి, గట్టిగా అరవాలి, కళ్ళు దానిమీదే ఉంచి మెల్లగా వెనక్కి జరగాలి. పక్కన పిల్లవాడుంటే నడుం వంచకుండా, చూపు తిప్పకుండా ఎత్తుకోవాలి. చేసి చూడు, ఎంత కష్టమో తెలుస్తుంది. ఆ అవస్థే సగం పేజీ రాయొచ్చు. నీ మనిషి 20 అడుగుల దూరంలో చిరుతని చూసి పరుగందుకుని చెట్టు చేరాడన్నావు. అది గంటకు 55 కిలోమీటర్లకి పైగా పరుగెత్తుతుంది, మామూలు మనిషి ప్రాణభయంతో పరుగెత్తినా 25 దాటడం కష్టం. ఆ 20 అడుగులు కలిసిపోడానికి రెండు సెకన్లు పట్టవు. చెట్టు చేరినా లాభం లేదు, చెట్లెక్కడంలో చిరుతకి సాటి లేదు.

పోరు మాత్రం అసాధ్యం కాదు. ఆడ చిరుత 30, 40 కిలోలుంటుంది, మగది 60 దాటొచ్చు. బలమైన మనిషి బరువు కన్నా తక్కువే. కాబట్టి నీ మనిషి గెలవొచ్చు. అదే 200 కిలోల పెద్దపులిని పెడితే ఆ మూడు పేజీలూ చెవిలో పువ్వే. గెలిచేదెలా అంటే, కింద పడకుండా. గడ్డం రొమ్ముకి ఆనించి, భుజాలు చెవులదాకా ఎత్తి, పీకకి రావలసిన నోటికి ముంజేయి అడ్డం పెట్టి, రెండో చేత్తో దాని కళ్ళమీదా ముక్కుమీదా కొట్టి. దొరికిన చేతిని విదిలించి లాక్కుంటే కోరలు దిగినచోట కండ చీలిపోతుంది. ఇదంతా అరనిమిషం పని. మూడు పేజీలకి సరిపడా ఊపిరి ఏ మనిషికీ ఉండదు.

మొసలితో రాయాలనిపిస్తే దాని దవడ గుర్తుంచుకో. ఉప్పునీటి మొసలి కాటు బలాన్ని 3,700 పౌండ్ల దాకా కొలిచారు, విడిపించుకోవడం కల్ల. నమలలేదు గనక పట్టుకుని నీళ్ళలో గిరగిరా దొర్లుతుంది, మునిగి చావాలని, కండ తెగాలని. 1985లో ఆస్ట్రేలియాలోని కకడూలో వాల్ ప్లమ్‌వుడ్ అనే తత్త్వవేత్తని మొసలి అలా మూడుసార్లు తిప్పింది. దొర్లుడుకీ దొర్లుడుకీ మధ్య ఆగినప్పుడు ఊపిరి అందింది. చివరికి ఆమె, నిలవని బురద గట్టులోకి వేళ్ళు గుచ్చి గుచ్చి పైకి పాకింది. ఆ వేళ్ళు చూడు. ఊహించి రాయడం కష్టం అలాంటి వివరం.

నొప్పి గురించి. పంజా తగలగానే నీ మనిషి బాధతో విలవిల్లాడాడు. తగలగానే నొప్పి తెలియకపోవడం మామూలే, ఆపద వేళ శరీరం దాన్ని కాసేపు తొక్కిపెడుతుంది. ఆఫ్రికాలో అన్వేషణలు చేసిన డేవిడ్ లివింగ్‌స్టన్‌ని 1844లో, తుపాకి దెబ్బ తిన్న ఒక సింహం భుజం పట్టుకుని విదిలించింది. ఎలకని కుక్క విదిలించినట్టు. ఆ విదిలింపుకి ఒకరకమైన మగత కమ్మిందనీ, నొప్పీ లేదు భయమూ లేదు, జరిగేది మాత్రం అంతా తెలుస్తోందనీ తర్వాత రాసుకున్నాడు. జబ్బ ఎముక నుజ్జయింది, పళ్ళ గాట్లు పదకొండు. ఆ ఎముక సరిగా అతుక్కోలేదు. 1873లో ఆఫ్రికాలో చనిపోతే, ఇంగ్లండు చేరిన శవం ఆయనదేనని పోల్చింది ఆ జబ్బ చూసే. ఇరవై తొమ్మిదేళ్ళ గాయం. నీ కథలో గాయం ఇంటి గడప దాకా కూడా రాలేదు.

'కాలం నెమ్మదించింది' అన్న వాక్యం నీ కథలో రెండుచోట్ల ఉంది. 2007లో ప్రచురించిన ఒక ప్రయోగంలో మనుషుల్ని 31 మీటర్ల ఎత్తునుంచి వలలోకి వదిలారు. తాము పడిన సమయాన్ని, ఇతరులు పడుతుంటే చూసిన సమయం కన్నా సగటున 36 శాతం ఎక్కువగా అంచనా వేశారు. కానీ పడుతున్నప్పుడు మణికట్టు మీద చకచకా మారే అంకెల్ని మామూలు కన్నా వేగంగా చదవలేకపోయారు. అంటే ఆ క్షణంలో కాలం సాగలేదు, జ్ఞాపకంలో సాగింది. దాడి జరుగుతుండగా తుంపుతుంపులుగా రాయి: దుమ్ము, బరువు, చెవి దగ్గర వేడి ఊపిరి, మట్టి రుచి. మీసం వెంట్రుకలూ బొచ్చు మీద మచ్చలూ నెల తర్వాత అతను ఎవరికో చెబుతున్నప్పుడు రానీ.

గాయాలు. పిల్లి జాతి ముందుకాలి అయిదో గోరు కాస్త పైన ఉంటుంది, నేలకి తగిలేవి నాలుగే. కాబట్టి చీరితే పక్కపక్కనే గీతలు. కోరలు నాలుగు, పైన జత, కింద జత. కోర దిగినచోట పైకి కనబడేది చిన్న రంధ్రం, లోతు లోపల ఉంటుంది. చూడ్డానికి ఘోరంగా ఉండేది గోటి గాయం, ముంచేది కోర గాయం. మాడు చర్మం చీలితే నెత్తురు కళ్ళలోకి దిగి చూపు పోయిందనే భ్రమ కలుగుతుంది. 'నెత్తురు మడుగు కట్టింది' అన్నావు, ఎంత? పెద్దవాడి ఒంట్లో అయిదు లీటర్లుంటుంది. ముప్పావు లీటరు దాకా పోయినా శరీరం బయటపడనివ్వదు. లీటరున్నర దాటితే నాడి పరుగెడుతుంది, ఒళ్ళు చల్లబడి చెమట పోస్తుంది, దాహం, మాటల్లో తికమక. నీ మనిషి మడుగు కట్టేంత కార్చి, చక్కగా మాట్లాడుతూ రెండు మైళ్ళు నడిచాడు.

ఆ రెండు మైళ్ళే నీ కథ. అక్కడ ఏం చేయాలో రాయి. శుభ్రమైన బట్ట మడిచి గాయం మీద గట్టిగా అదిమి పట్టాలి, ఆగిందా అని నిమిషానికోసారి ఎత్తి చూస్తే గడ్డ కట్టేది మళ్ళీ ఊడుతుంది. బట్ట తడిసిపోతే తీయకుండా దానిమీదే ఇంకోటి. చేతికో కాలికో ధార ఆగకపోతే గాయానికి నాలుగు వేళ్ళ పైన, కీలు మీద కాకుండా, వెడల్పాటి పట్టీ వేసి పుల్లతో మెలితిప్పి బిగించాలి. బిగించిన టైము గుర్తుంచుకోవాలి. సన్నటి తాడు పనికిరాదు, కండ కోసుకుపోతుంది. ఒంటరిగా ఒంటిచేత్తో ఇదంతా, పళ్ళతో ముడి లాగుతూ. చిరుత వెనకే వస్తోందేమో అన్నది అలా ఉండనే ఉంది.

రెండో రోజు మొదటి రోజు కన్నా చెడ్డది, ఇది చాలామంది కథకులకి తట్టదు. నోట్లోని క్రిములు లోతుకి పోతాయి, గంటల్లోనే వాపు మొదలై ఒక రోజు తిరిగేసరికి ఎర్రబారి, సలుపుతో జ్వరం. అందుకే పదిహేను నిమిషాల పాటు సబ్బూ పారే నీళ్ళతో కడగాలి, ఆ రోజే ఆస్పత్రికి చేరాలి. రేబీస్ టీకా, గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ (రేబీస్‌ని ఎదిరించే తయారు ప్రతిరోధకాల సూది), ధనుర్వాతం సూది. రేబీస్ లక్షణాలు కనబడ్డాక వైద్యం దాదాపు లేనట్టే. లోతు గాయాన్ని డాక్టరు వెంటనే కుట్టకపోవచ్చు, మూసేస్తే చీము లోపలే ఉండిపోతుంది. రోజూ తెరిచి, కడిగి, మళ్ళీ కట్టడం. గాయాన్ని అలా వదిలేశారేమిటని ఇంట్లోవాళ్ళు డాక్టరుతో గొడవపడే సన్నివేశం ఒకటి రాసుకో, బాగా పండుతుంది.

ఒళ్ళు మానాక మిగిలేది పెద్దగా వివరించకు. వెనక ఎవరో నడుస్తుంటే ఆగి, వాళ్ళని ముందుకి పోనివ్వడం. గోడకి వీపు ఆనించే కూర్చోవడం. ఇలాంటివి రెండు చాలు, పీడకల మాత్రం వద్దు, అది అందరూ రాసేశారు.

తిరగరాస్తే చిరుతకి ఒక పేజీ ఇవ్వు, మిగతాది నడకకీ ఆస్పత్రికీ ఇవ్వు. అన్నట్టు, ఆ కట్టెల మోపు ఏమైంది? దారిలో పడేసి వచ్చాడు కదా, ఎవరు వెళ్ళి తెచ్చారు?