నాన్నకు వచ్చింది నాకూ వస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా వారికి పాతికేళ్లప్పుడు స్కిజోఫ్రినియా వచ్చింది. మందులు వేసుకుంటూ కిరాణా కొట్టు చూసుకుంటున్నారు. మా అబ్బాయికి మాత్రం "నాన్నకు నరాల బలహీనత" అనే చెప్పుకొచ్చాం. వాడికిప్పుడు 19, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతున్నాడు. ఈమధ్య ఎవరో పిలిచినట్టు వినిపిస్తోందని, ఫ్రెండ్స్ తన గురించే మాట్లాడుకుంటున్నారేమోనని అంటున్నాడు. సైకియాట్రిస్టుకు చూపిస్తే ఆయన అన్నీ చెప్పేస్తారేమోనని టెన్షన్. చెప్పొద్దని ముందే అడగవచ్చా?
- ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: అడగవచ్చమ్మా. పిల్లాణ్ని బయట కూర్చోబెట్టి ముందు తాము లోపలికి వచ్చే తల్లులు నా దగ్గరా చాలామందే. ఆ మాట మాత్రం నేను ఇవ్వను. తన ఆరోగ్యం గురించి తెలుసుకునే హక్కు వాడిది. 2017 మానసిక ఆరోగ్య చట్టమూ అదే అంటుంది. అయినా నాన్న మాత్రల పేరు చూసి ఫోన్లో ఈపాటికే వెతికే ఉంటాడు.

నేనైతే ముందు చెప్పను, అడుగుతాను: "నాన్నకు ఏమైందనుకుంటున్నావు? నీకు దేనికి భయం?" చాలామంది "నాకూ వచ్చి తీరుతుంది కదా" అంటారు. అప్పుడు కాగితం మీద 100 చుక్కలు పెట్టి, 10 చుక్కల చుట్టూ గీత గీస్తాను. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ జబ్బుంటే, అలాంటి 100 మంది పిల్లల్లో సుమారు 10 మందికి వస్తుంది. మామూలుగా 100లో ఒకరికి వస్తుందనీ చెబుతాను, కానీ తర్వాత. "10 రెట్లు ఎక్కువ" అని మొదలుపెడితే పిల్లాడు ఇక ఏమీ వినడు.

ఆ పిలుపు ఎప్పుడు వినిపిస్తోందో కనుక్కోవాలి. నిద్ర పట్టే ముందైతే అది ఎంతోమందికి ఉండేదే. పగలూ వినిపిస్తున్నా, "నా భ్రమేమో" అనగలుగుతున్నాడా? అలాంటి తొలి లక్షణాలతో వచ్చిన కుర్రాళ్లలో మూడేళ్లలో, భ్రమనే నిజమని నమ్మేసే పూర్తి సైకోసిస్‌లోకి వెళ్లేది సుమారు నాలుగో వంతు. ఈ స్థితిని 2013లో అమెరికా సైకియాట్రిస్టుల జబ్బుల జాబితా డీఎస్‌ఎం-5 కూడా జబ్బుల్లో చేర్చలేదు, ఇంకా పరిశోధించాల్సిన వాటిలో ఉంచింది. నేనూ పేరు పెట్టను. కౌన్సెలింగ్, నిద్ర, నెలనెలా చూడటం. చాలామందికి ముందే మాత్రలు అక్కర్లేదు. గంజాయి సంగతి మాత్రం మిమ్మల్ని బయటికి పంపి గట్టిగా అడుగుతాను.

ఇక మీ వారి జబ్బు ఆయన సొంత విషయం, ఆయన ఒప్పుకోకుండా ఏ డాక్టరూ బయటపెట్టకూడదు. అందుకే అపాయింట్‌మెంట్‌కు ముందే ఆయన్నే కొడుకుతో మాట్లాడమనండి. రోజూ కొట్టు తెరిచే మనిషి చెబితే ఆ జబ్బు పేరు వాడికి అంత భయంగా వినిపించదు.

ఈలోగా రాత్రుళ్లు అసలు నిద్రపోకపోయినా, అనుమానంతో తిండి మానేసినా, చావు మాటలు మాట్లాడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆ రోజే తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.